గంప దించని కూర్మమ్మ

నెత్తిన చేపల గంప ఉన్నా కూర్మమ్మ రెండు చేతులూ ఊపుకుంటూ నడుస్తుంది. గంపను పట్టుకుని నడిచే ఆడవాళ్లంటే ఆవిడకు లోకువ. సూర్యదేవుడి రోజైన ఆదివారం తప్ప, ముప్ఫై ఏళ్లుగా అరసవల్లి వీధుల్లో చేపలు అమ్ముతోంది. అలాంటి మనిషి మొన్న నడివీధిలో కళ్లు తిరిగి పడింది. చందువ చేపలన్నీ మట్టిపాలయ్యాయి.

"గంప మోసీ మోసీ బుర్రకి నెత్తురు అందడం నేదు. ఇంక దించీ అత్తా," అంది కోడలు రాణి.

"సెప్పీడానికి నువ్వెవులివే? డాట్రమ్మ సెప్తే దించుతాను."

డాక్టరు శైలజ మెదడుకు నెత్తురు ఎంత అందుతోందో కొలిచే స్కానింగ్ రాసింది. కూర్మమ్మ కిడ్నీలు అంతంతమాత్రం కాబట్టి నరంలోకి రంగుమందు ఎక్కించకుండా చేసే రకం రాసింది. గంప ఉంటుందో పోతుందో అక్కడే తేలాలి.

మిషను దగ్గర టెక్నీషియన్ త్రినాథ్ ఆవిణ్ని పడుకోబెట్టాడు. "సూది నేదమ్మా. మెడకాడ నీ నెత్తురికే అయస్కాంతం గుర్తెడతాది. ఆ నెత్తురు బుర్రలో ఏ మూలకి ఎంత సేరిందో ఫొటో వస్తాది."

"మావోళ్లు సంద్రంలో బెండుముక్క ఇసిరి నీటివాటం సూస్తారు. దానికింత మిషనేటి?"

"తల కదిపీవంటే మళ్లీ మొదలు. పొద్దున్నుంచి ఒక్కలూ కుదురుగా నేరు."

"ఒరే, ఎవులికి సెప్తన్నావు?"

లోపల సుత్తులతో బాదినట్టు మోత. కూర్మమ్మ తల మాత్రం కదల్లేదు. నెత్తిన గంప ఉందనుకుంది, అంతే. లారీ హారన్ కొడితే మాత్రం ఏనాడు తల తిప్పింది గనక!

"ఫొటో ఒక్కసారికే వచ్చీసింది," అన్నాడు త్రినాథ్.

కూర్మమ్మ కోడలి వైపు చూసింది. "ఇన్నావా?"

శైలజ స్కానింగ్ బొమ్మ చూపించింది. "రెండు పక్కలా సమంగా అందుతోంది. బాగుంది. పడిన రోజు ఏం తిన్నావు?"

కూర్మమ్మ పైకప్పు చూసింది. బోణీ కాకుండా ముద్ద ముట్టదు. ఆ రోజు బోణీ పదకొండింటికి. బీపీ బిళ్ల మాత్రం తెల్లారే మింగానని ఒప్పుకుంది.

"ఖాళీ కడుపున బిళ్ల, ఆపైన ఎండ. అదే పడేసి ఉంటుంది. గంప మొయ్యి, సగం బరువే. కానీ తిని మొయ్యి."

మర్నాడు అరసవల్లి వెళ్లే ఆటో దగ్గర రాణి రాగుల చోడంబలి చెంబుతో అడ్డంగా నిలబడింది.

"బోణీ అవకుండానేటే?"

"నాకు రెండు సేపలియ్యి. బోణీ అయిపోద్ది."

కూర్మమ్మ నెత్తి మీది గంపలోకి చెయ్యి పెట్టింది. "కోడలివని రేటు తగ్గించను."

"తగ్గించకు."

డబ్బు పుచ్చుకుని చేపలు ఇచ్చింది. నెత్తిన గంప దించకుండానే అంబలి గటగటా తాగేసింది. చుక్క ఒలకలేదు.