పర్సోం అంటే ఎప్పుడు?

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మా స్వచ్ఛంద సంస్థ నన్ను హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమా కేంద్రానికి మేనేజరుగా వేసింది. కోస్తా నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడినవాణ్ణి. పాతబస్తీ నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. నా కింద ఒక్కరే ఫీల్డ్ వర్కర్, యాదమ్మ. జనం కష్టాన్ని అర్జీగా రాసి, అధికారి ముందు వాళ్లతోపాటు నిలబడటం మా పని.

మొదటి వారమే షాహీన్ బేగం వచ్చింది. వాళ్ల గల్లీలో మంచినీటి కుళాయిలో మురుగు కలుస్తోంది. ఆమె మనవరాలు అప్పటికే రెండుసార్లు ఆసుపత్రిపాలైంది. నీళ్ల ఆఫీసులో దరఖాస్తు ఎప్పుడిచ్చారని అడిగితే "పర్సోం" అంది. నాకు హిందీ వచ్చు; పర్సోం అంటే మొన్న. "రెండు రోజుల క్రితం దరఖాస్తు ఇచ్చాను" అని రాసి సంతకం తీసుకున్నాను. అర్జీని వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించాకే సంతకం పెట్టించాలని మా నియమం. కొత్తవాళ్లకు ఆ నియమం నేర్పేది నేనే. ఆ రోజు చదవలేదు. అధికారి ముందు నేనేం మాట్లాడాలా అన్న ఉబలాటంలో ఉన్నాను.

సోమవారం నీళ్ల ఆఫీసులో అధికారి అర్జీలు తీసుకునే రోజు. గల్లీ నుంచి పన్నెండు మంది ఆడవాళ్లు కదిలారు. ఎన్నికల ప్రచారానికి బయల్దేరినంత హుషారు నాకు.

అధికారి అర్జీ చదివారు. "మొన్న ఇచ్చి ఇవాళ వస్తే ఎట్లా? పని చెయ్యడానికి మాకు గడువుంటది, అది దాటినంక రండి" అని పక్కన పెట్టేశారు.

సరిగ్గా ఎందుకు చెప్పలేదని అందరి ముందు షాహీన్ మీద అరిచాను.

ఆమె తెల్లబోయింది. "పర్సోంచ్ బోలీ నా సాబ్! రంజాన్ కే పహ్లే!" పర్సోమనే కదా చెప్పాను, రంజాన్‌కు ముందు అని.

యాదమ్మ గొంతు తగ్గించలేదు. "సార్, గీడ పర్సోం అంటే మొన్ననే గాదు. పోయిన దినమేదైనా పర్సోమే. మా అత్త పెండ్లి గూడ పర్సోమే అయింది!"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. అధికారీ నవ్వారు. షాహీన్ ప్లాస్టిక్ కవర్లోంచి ముద్ర పడిన రసీదు తీసింది. మూడు నెలల కిందటిది. అది ఉందా అని నేను అడగనే లేదు.

ఇక ఆమె నా కోసం ఆగలేదు. సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "గీ నీళ్లు ఒక్క గుక్క తాగుండ్రి సాబ్. మీరు తాగితే మేం ఇంకో గడువు ఆగుతం."

ఆయన సీసా వైపు చూసి, ఇంజనీరుకు ఫోన్ చేశారు. మధ్యాహ్నానికల్లా గల్లీలో తవ్వకం మొదలైంది. మురుగు కాల్వలో పగిలిన మంచినీటి పైపు బయటపడగానే "దొరికింది, దొరికింది!" అని ఒకటే లొల్లి. నేనూ అరిచాను. నా ఉద్యోగంలో అంత సంబరపడ్డ రోజు ఇంకొకటి లేదు. అందులో నా పాలు మాత్రం ఏమీ లేదు.

మూడో రోజు నీళ్లు తేటగా వచ్చాయి. షాహీన్‌ను ఆఫీసులోకి పిలిచి తప్పయిందన్నాను. "ఫికర్ నక్కో సాబ్" అంది, దిగులు పడొద్దన్నట్టు. అందరి ముందు అరిచినవాణ్ణి, నాలుగు గోడల మధ్య క్షమాపణ చెప్పాను. అది రెండో తప్పు, దాన్ని దిద్దుకోలేదు.

మిగిలిన రెండేళ్లూ చదివి వినిపించకుండా ఎవరి సంతకమూ తీసుకోలేదు. చదివిన ప్రతిసారీ వాళ్లు ఏదో ఒక మాట దిద్దారు. అంతకు ముందు వేరే కేంద్రాల్లో నేను చదవకుండా పంపిన అర్జీల్లో ఎన్ని తప్పులు పోయాయో నాకు తెలియదు.