ఆ నీళ్లు రవళివి కావు

ఒక ఆడపిల్లను ఆమె కన్నతల్లి ముందే నేను అబద్ధాలకోరును చేశాను. ఏళ్ల తరబడి ఆ బరువు మోస్తూనే తిరిగాను, పాఠాలు చెప్పాను, మంచి టీచరని పేరు కూడా తెచ్చుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పడం సులువుగా ఉంది.

నేను జీవశాస్త్రం చెబుతాను. అప్పట్లో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మా బడికి డిజిటల్ మైక్రోస్కోపులు వచ్చాయి. పాత వాటిలా ఒక కన్ను మూసుకుని ఒక్కొక్కరే తొంగి చూడక్కర్లేదు. అన్నీ వైఫై ద్వారా నా చేతిలోని ట్యాబ్‌కు కలిసి ఉంటాయి. ఏ బల్ల మీద ఏం కనిపిస్తోందో ట్యాబ్‌లో చిన్న చిన్న గళ్లుగా వస్తుంది. గడి కింద పిల్లల పేరు ఉంటుంది. నేను ఏ గడిని తాకితే ఆ బొమ్మ గోడకున్న పెద్ద టీవీలోకి వెళ్తుంది. క్లాసంతా ఒక్కసారే చూస్తుంది. మొదటిరోజు ఉల్లిపొర చూపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ క్లాసు చూడటానికి ఒక పెద్ద అధికారి వస్తున్నారని కబురొచ్చింది. 'మన ఇంటి నీళ్లు' అని పాఠం అనుకున్నాను. పిల్లల్ని ఇంటి నుంచి సీసాల్లో నీళ్లు తెమ్మన్నాను. తీరా ముందురోజు నాకు భయం పట్టుకుంది. తాగే నీళ్లలో ఏం కనబడుతుంది? ఖాళీ తెర చూసి ఆయన ఏమనుకుంటారు? నిజాంసాగర్ వైపు నుంచి వచ్చే తోటి టీచర్‌తో అక్కడి జలాశయం ఒడ్డున నాచు పట్టిన నీళ్లు తెప్పించాను. తాగే నీళ్లకూ వాటికీ తేడా చూపిస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ చుక్కతో స్లైడు చేసి నా బల్ల మీది మైక్రోస్కోపులో పెట్టుకున్నాను.

ఆమె పేరు ఇక్కడ రవళి అనుకోండి. తొమ్మిదో తరగతి. వాళ్లమ్మ గంగమణి బడి దగ్గరే మిర్చి బజ్జీల బండి నడిపేది. గంట కొట్టగానే పిల్లలు అక్కడ మూగేవాళ్లు. బస్సు ఆలస్యమైతే నేనూ తినేదాన్ని.

పాఠం మొదలయ్యాక రవళి మైక్రోస్కోపు వైఫైకి కలవలేదు. అధికారి వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నారు. కంగారులో, ఆమె స్లైడును నా మైక్రోస్కోపులో చూపిద్దామని ఆమెను నా బల్ల దగ్గరికి పిలిచాను. నా మైక్రోస్కోపు గడి కింద ఆమె పేరు పెట్టాను. స్లైడు మార్చాలన్న సంగతి తట్టేలోపే నా వేలు ఆ గడిని తాకింది.

టీవీ నిండా పురుగులు. అన్నీ కదులుతున్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పిల్లలు "అమ్మో" అన్నారు. అధికారి లేచి నిలబడి, ఇవి ఎవరింటి నీళ్లని అడిగారు.

అంతవరకూ జరిగింది పొరపాటే. ఆ తర్వాత నేను చెప్పిన జవాబు పొరపాటు కాదు. "నేనే తెచ్చి పెట్టుకున్నాను సార్" అంటే ఏమయ్యేది? పాఠమంతా ముందే సిద్ధం చేసుకున్న నాటకంలా కనబడేది. నా ముఖం చిన్నబోయేది. అంతే కదా? ఆ కాస్త చిన్నతనం పడలేకపోయాను. గడి కింద ఉన్న పేరు చదివాను. "రవళి వాళ్లింటివి సార్."

రవళి నా పక్కనే ఉంది. తాను చేసిన స్లైడు ఇంకా ఆమె వేళ్ల మధ్యే ఉంది.

"మేడమ్, నాది ఇంక పెట్టనే లేదు," అంది మెల్లగా.

"పోయి కూసో."

"గవి మా నీళ్లు కావు మేడమ్. నాది గిదో, నా చేతులనే ఉన్నది."

"కూసోమన్న గద!"

కూర్చుంది. ఎవడో "మిర్చీలల్ల పురుగులు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. అధికారి నన్ను మెచ్చుకున్నారు. నేను కూడా నవ్వానా? ఎంత గుర్తు చేసుకున్నా తేలడం లేదు. నవ్వలేదని అనుకోవాలని ఉంది.

ఆ సాయంత్రం బండి దగ్గర పిల్లలెవరూ ఆగలేదు. తర్వాత పెద్దవాళ్లూ ఆగడం మానేశారు. కొన్నాళ్లకు గంగమణి స్టాఫ్‌రూం గుమ్మం దగ్గరకు వచ్చింది. కూతురు ఆ నీళ్లు మావి కావంటోందని, మీరేది చెబితే అదే నమ్ముతానని అంది. అప్పుడు అక్కడ ఏ అధికారీ లేడు. భయపడాల్సిన వాళ్లెవరూ లేరు. అయినా నేనేమన్నానో తెలుసా? పిల్లలు నామోషీకి అట్లాగే అంటారని, నీళ్లు కాచి వాడుకొమ్మని చెప్పాను. ఆమె తలూపి వెళ్లింది. గేటు దాటగానే, మేడమ్ అబద్ధం ఎందుకు చెబుతుందంటూ, బయట నిలబడి ఉన్న రవళిని రోడ్డు మీదే కొట్టింది. కిటికీలోంచి చూశాను. చూసి, పక్కకు తప్పుకున్నాను.

బండి మూతపడింది. వాళ్లు కామారెడ్డి వచ్చేశారని విన్నాను. తర్వాత నేనూ బదిలీ చేయించుకున్నాను. బస్సు ప్రయాణం పడటం లేదని అందరికీ చెప్పాను. ఆ బండి ఉండే చోటు రోజూ దాటలేకపోయానన్నదే అసలు సంగతి. కొత్త బడిలోనూ అవే మైక్రోస్కోపులు. గడుల కింద పిల్లల పేర్లు పెట్టడం మానేసి నంబర్లు పెట్టాను. ఎంత బాగా ఆలోచించావని తోటి టీచర్లు మెచ్చుకుంటే ఊరుకున్నాను.

పోయిన నెల ఒక బట్టల దుకాణంలో రవళి కనిపించింది. అక్కడే పని చేస్తోంది. "బాగున్నరా మేడమ్?" అంటూ నా ముందు జాకెట్ గుడ్డలు పరిచింది. ఆ మామూలు పలకరింపుకే నా నోట్లోంచి మాట బయటపడింది. ఆ నీళ్లు నావేనని చెప్పాను.

ఆమె చేతులు ఆగలేదు. "నాకెరికే గద మేడమ్. మా అమ్మకే ఎరిక లేదు. ఆమెకు చెప్పుండ్రి," అంది.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. గంగమణి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని, నిలబడే అంతా చెప్పాను. మధ్యలో పొరపాటన్న మాట చాలాసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. రానివ్వలేదు.

గంగమణి నా వైపు చూడలేదు. గుమ్మంలో ఉన్న కూతుర్ని చూసింది.

"అప్పుడే చెప్పినవ్ గద బిడ్డా," అంది. "నేనే ఇనలె."

రవళి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కాసేపటికి నేనే చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను. క్షమించమని అడగలేదు. అడిగితే వాళ్ల నెత్తిన ఇంకో పని పెట్టినట్టు అయ్యేది.

ఇదంతా వాళ్ల కోసం చేశానా, నా కోసమా? నా కోసమే కావచ్చు. మూతపడిన బండి తిరిగి రాదు, ఆ పిల్ల తిన్న దెబ్బలు వెనక్కి పోవు. అయినా ఒళ్లు తేలికైంది, అది దాచను. ఇంటికి రాగానే మా ఆయన, "ఏంది, ఏదో పాడుకుంటున్నవ్?" అన్నారు. పాడుతున్నానని నాకే తెలియదు. ఆయన్ను కూర్చోబెట్టి అంతా చెప్పాను. విని, ఆయన లేచి బయటికి వెళ్లారు. నా మీద ఆయన అభిప్రాయం ఏమైందో ఇంకా తెలియదు. కానీ ఆయనకు చెప్పేటప్పుడు పొరపాటన్న మాట నాలుక మీదికి రానే లేదు.

ఇప్పుడు మీకూ చెప్పాను.