కర్ర మీద తడి

మీరెవరైనా సరే, ఐర్లండ్‌లో అత్లోన్ వైపు వస్తే పద్మనాభం గారిని కలవకుండా వెళ్ళడానికి వీల్లేదు. కలవగానే ఆయన మిమ్మల్ని అనుమానిస్తారు. అది మామూలే, మనసులో పెట్టుకోకండి. నన్నయితే మొదటి రోజే గూఢచారి అనుకున్నారు.

2020 నవంబరు చివర. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటొద్దన్న రోజులు. నేను ఇక్కడ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. కాలేజీ మూసేశారు కాబట్టి, ప్రాజెక్టు కోసం ఊరవతల వాగులో సీసాలు ముంచి నీళ్ళు పట్టుకోవడం, అందులో అమ్మోనియా ఎంతుందో చూడడం, అదే నా ప్రపంచం. ఆ మధ్యాహ్నం ఫోన్ స్పీకర్‌లో పెట్టి అమ్మతో పోట్లాడుతూ సీసా ముంచుతున్నాను. గట్టు మీంచి తెలుగులో ఒక గొంతు వినపడింది.

"ఎవరి మనిషివమ్మాయ్ నువ్వు?"

తలెత్తితే మోకాళ్ళ దాకా బూట్లు, చెవుల మీదికి లాగిన ఉన్ని టోపీ, చేతిలో పొడుగాటి కర్ర.

"ఎవరి మనిషిని కాదు అంకుల్. నీళ్ళు పడుతున్న."

"ఏ ఇంట్లో నీళ్ళు రావట్లేదని వాగు కాడికొచ్చావ్? డెక్లన్ పంపించాడా?"

"డెక్లన్ ఎవరు?"

"చూశావా, తెలీనట్టు ఎట్టా అడగతందో," అన్నారు ఆయన తన కర్రతో.

పద్మనాభం గారిది ఒంగోలు దగ్గర పల్లె. పాలకేంద్రంలో పని చేసేవారు. డెయిరీ ఫామ్‌లో పని చేసే పర్మిట్ మీద లాక్‌డౌన్‌కి కొన్ని వారాల ముందు ఇక్కడికి వచ్చారు. ఆవుల యజమాని నోరా అనే పెద్దావిడ. భర్త పోయాడు. వయసుకి తోడు ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉండడంతో కోవిడ్ భయానికి ఇల్లు కదలదు. పిట్టల్ని చూడ్డానికని కొనుక్కున్న దుర్భిణితో కిటికీలోంచి పద్మనాభం గారిని చూస్తుంది. టీ కాచి పిట్టగోడ మీద పెట్టి, తలుపేసుకున్నాక, తాగమని చెయ్యి ఊపుతుంది. అంతకుముందు చలికాలపు పనులు చూసే బ్రెజిల్ కుర్రాడు కోవిడ్ మొదట్లోనే ఇంటికెళ్ళిపోయాడు. ఎండాకాలమంతా ఆవులు పచ్చికలో తిరిగాయి కాబట్టి ఇబ్బంది లేదు. అక్టోబరు దాటాక నేల మెత్తబడి గిట్టల కింద బురదవుతుంది. అందుకని వసంతం దాకా వాటిని కొట్టంలో ఉంచాలి. ఆ పని నేర్పడానికి దగ్గరుండి చూపించేవాళ్ళెవరూ లేరు.

ఇక్కడి కొట్టం మన కొట్టంలాంటిది కాదు. ఆవులు నడిచేచోట సిమెంటు పలకలు సందులొదిలి పరిచి ఉంటాయి. పేడ, ఉచ్చ ఆ సందుల్లోంచి కింద ఉన్న పెద్ద తొట్టిలో పడతాయి. దాన్ని స్లర్రీ అంటారు. గడ్డి పెరిగే రోజుల్లో పొలాల మీద చల్లుతారు. చలికాలంలో మాత్రం చల్లకూడదని చట్టం.

"ఎందుకు కూడదంట? పేడ తప్పెట్టయింది?" అని నన్నే నిలదీశారు, రెండోసారి కలిసినప్పుడు. "మా ఊళ్ళో పేడతట్ట కోసం జుట్లు పట్టుకునేవాళ్ళం. ఇక్కడ పేడకి భయపడతన్నారు."

"ఇప్పుడు గడ్డి పెరగదు కద అంకుల్, నేల కూడ నానిపోయి ఉంటది. చల్లింది చల్లినట్టు వాగులకే పోతది. నీళ్ళల్ల ఊపిరాడక చేపలు చస్తయి."

ఆయన కర్రతో వాగు వైపు చూపించారు. "అయితే మా తొట్టి పొంగితే?"

"అంతే సంగతి."

అప్పుడు బయటపెట్టారు అసలు దిగులు. వారం వారం ఆ కర్రని సందులోంచి దించి, ఎంతవరకు తడిసిందో చూసి, అక్కడ కత్తితో గాటు పెడుతున్నారట. గాట్లు పైపైకి వచ్చేస్తున్నాయి. ఉన్న ఆవులకి అంత పెరగకూడదని నోరా కూడా అంటోంది. తొట్టి ఇలాగే నిండి పొంగితే వాగు పోతుంది, నోరాకి జరిమానా పడుతుంది, తన పర్మిట్ పొడిగింపు గాలికి పోతుంది. పర్మిట్ నిలబడితేనే భార్య సూర్యప్రభ గారిని తీసుకురాగలరు.

"మిట్ట మీద ఇంటి డెక్లన్ తన స్లర్రీ మా తొట్లోకి వదలతన్నాడు. పొద్దున పూట మోటారు మోత నా చెవులారా విన్నా. నోరమ్మ కూడా అదే అంటంది. డెక్లన్ వాళ్ళ నాయన ఆమెని అడక్కుండా గట్టు మీద ముళ్ళచెట్ల కంచె నరికేశాడంట. పిట్టలన్నీ పొయ్యాయని ఇప్పటికీ తిట్టద్ది. నీ సీసాలతో పట్టించు తల్లీ."

నాకు ఒళ్ళు పులకరించింది. పరిశోధన అంటే ఇదీ! డెక్లన్ దొడ్డికీ నోరా దొడ్డికీ మధ్య ఉన్న కాలవలో నీళ్ళు పట్టాను. ఇంటికెళ్ళి పరీక్ష చేశాను. అమ్మోనియా లేదు. అనుమానం తీరక మళ్ళీ పట్టాను. మళ్ళీ లేదు.

"అయితే నీ సీసాలే తేడా," అన్నారు పద్మనాభం గారు. తర్వాత గొంతు తగ్గించి, "నిన్న డెక్లన్ ఇచ్చిన బిస్కెట్ తిన్నావంటగా?" అన్నారు.

"ఎవరు చెప్పిన్రు?"

ఆయన కిటికీ వైపు కనుబొమ్మలెత్తారు. అద్దం వెనక దుర్భిణి తళుక్కుమంది.

జనవరిలో గడ్డకట్టే చలి పడింది. వాగు అంచులు గాజు పలకల్లా అయ్యాయి. ఆవులు తాగే తొట్లలో నీళ్ళు రాయైపోతే, పద్మనాభం గారు కెటిల్‌లో నీళ్ళు కాచి పోసి కరిగించి, బకెట్లతో మోసి తాగించారు. ఆవుల ఊపిరి పొగతో కొట్టం నిండిపోయేది. ఆ రోజుల్లోనే నోరా నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది. డెక్లన్ మీద కౌంటీ కౌన్సిల్‌కి ఫిర్యాదు రాసేసిందట, నేను చేసిన పరీక్షలు కూడా జతచేస్తే గట్టిగా ఉంటుందట, పొద్దున్నే పోస్టులో వేస్తుందట. పరీక్షల్లో ఏమీ తేలలేదని చెబితే, "వాడు తెలివైనవాడు" అంది.

అక్కణ్ణించి కొట్టంలోకి వెళ్ళాను. పద్మనాభం గారు మేత కటకటాల దగ్గర తిరగేసిన బకెట్ మీద కూర్చుని ఉన్నారు. కర్ర ఒళ్ళో ఉంది.

"తడి గీత కదల్లా," అన్నారు.

"మంచిదే కద?"

"చలి పట్టినకాడ్నించీ కదల్లా."

"డెక్లన్ మోటారు కూడ గడ్డకట్టిందేమో అంకుల్!"

"అది ఆగలా. ఈ పొద్దు కూడా విన్నా. వాళ్ళింటి నీళ్ళ మోటారు అది." మూలన ఉన్న రబ్బరు పైపుని కాలితో తన్నారు. కట్టెలా టక్కుమంది. "ఆగింది ఇదొక్కటే."

నాకింకా వెలగలేదు. ఆయనే చెప్పారు.

"రెండు పూటలా కడిగా తల్లీ. మా ఇంట్లో కొట్టం కడక్కుండా కాఫీ కూడా తాగం. గొడ్లు మురికిలో పడుకుంటే నాకు అన్నం సయించదు. పొదుగులు కడిగా, గిట్టలు కడిగా, పలకలు కడిగా. నీళ్ళన్నీ ఎటు బోయాయి? కిందకే. పార పెట్టి గీకి వదిలెయ్యాలంట, కడక్కూడదంట. ఇందాకే ఫోన్లో వీడియో చూశా."

పలకల సందులోంచి తొంగి చూశాను. స్లర్రీ చెయ్యి చాపితే అందేంత పైకొచ్చేసింది. సాయంత్రానికి మంచు కరిగి పెద్ద వాన అని ఫోన్ చెబుతోంది. దొడ్లో పడే నీళ్ళు కూడా ఆ తొట్టిలోకే.

నేను వెంటనే అనేశాను: "వానకు నిండిందని చెప్పుదాం అంకుల్. ఎవరికి తెలుస్తది? మీ పర్మిట్ సంగతి చూసుకోవద్దా?"

"నోరమ్మ రాసిన కాయితం డెక్లన్ మీదికి పోదా?"

"ఆయన తప్పు లేదని వాళ్ళే తేలుస్తరు కద."

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశారు. "ఇప్పుడొచ్చింది నాకు నీ మీద నిజం అనుమానం."

లేచి నేరుగా వెళ్ళి కిటికీ అద్దం తట్టారు. నోరా ఉలిక్కిపడి మాస్కు పెట్టుకుని, కిటికీ వేలెడు తెరిచింది. తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పారు: డెక్లన్ కాదు. నేనే. నీళ్ళు.

"రోజూనా?" అంది నోరా.

"రెండు పూటలా."

కిటికీ మూసుకుంది. పరదా కూడా పడింది. పద్మనాభం గారు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, "సూర్యప్రభకి ఏం చెప్పాలో," అన్నారు. అది నాతో అన్నారో కర్రతో అన్నారో తెలీదు.

పరదా సందులోంచి నోరా ఫోన్‌లో మాట్లాడడం కనపడింది. పోలీసులకేమో అనుకున్నాం. కాదు. కాసేపటికి కంచె లేని ఆ గట్టు పక్కనుంచి డెక్లన్ ట్రాక్టర్, వెనక స్లర్రీ ట్యాంకర్‌తో దిగింది. సంతలు మూతబడ్డ భయంలో సగం పశువుల్ని తెగనమ్మేశాడట, అతని తొట్టి సగం ఖాళీ. పొలాల మీద చల్లకూడదు గానీ ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి మార్చుకోవచ్చు. స్లర్రీ కదిపితే విషవాయువు లేస్తుందని ఆవుల్ని బయటికి తోలి, తలుపులన్నీ తెరిచారు. డెక్లన్ పద్మనాభం గారితో అన్నది ఒకటే మాట: "గ్రాండ్." ఇక్కడివాళ్ళు "ఫర్వాలేదు" అనడానికి వాడే మాట. ఆ మాటలో ఏముందో అని ఆయన ఇప్పటికీ ఆలోచిస్తున్నారు.

వాన మొదలయ్యేసరికి తొట్టి సగానికి దిగింది. వాగులోకి చుక్క పోలేదు. ఈసారి నా సీసాల్ని ఆయన కూడా నమ్మారు.

రబ్బరు పైపు ఇప్పుడు నోరా వంటింటి అలమారలో ఉంది, తాళం వేసి. ఫిర్యాదు పొయ్యిలోకి వెళ్ళింది. గట్టు మీద డెక్లన్ మళ్ళీ ముళ్ళమొక్కలు నాటతానన్నాడట, నోరా అది నమ్మడం లేదు. పర్మిట్ గురించి అడిగితే "చూద్దాం" అంది. మర్నాడు మాత్రం పిట్టగోడ మీద టీ ఎప్పటిలాగే ఉంది. పద్మనాభం గారు రెండుసార్లు వాసన చూసి గానీ తాగలేదు.

నాకు మాత్రం ఆ కిటికీయే గుర్తొస్తూంటుంది. వాన ముంచుకొస్తోంది. నింద మోయడానికి ఇంకో మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఆయన కాక నిజం తెలిసింది నాకొక్కదానికే, నేనేమో చెప్పొద్దనే అన్నాను. అద్దం ఇవతల, పర్మిట్ చేజారిపోతుందని తెలిసి, చెయ్యెత్తి నిలబడింది మీరైతే, తట్టేవారా?