పూడ్చని దొరువు

మా బడి అయ్యవారు ఇక లేరని కోట ఊరి నుంచి కబురొచ్చింది. కూతురింట్లో, కూర్చున్న చోటే తల వాల్చేశారట. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మా ఊరి పెద్దలు దీన్ని చివరిదాకా చదవాలి.

పంచాయతీ సమితి వచ్చిన ఏడు మాకు బడి కట్టారు. అంతకుముందు బడి ఉన్న ఇసుకదిబ్బల్లో మా దొరువులుండేవి. దొరువంటే ఇసుకలో తవ్వుకున్న నీళ్ల గుంట. నీళ్లిచ్చిన దొరువును మావాళ్లు పూడ్చరు. వాడకం మానేస్తే పైన తాటిదూలాలు పరిచి, దణ్ణం పెట్టి వచ్చేస్తారు. ఇసుక కప్పే పని గాలి చూసుకుంటుంది. అలా ఇసుక కప్పేసిన ఒక దొరువు మీదే పిల్లల ఆటస్థలం పడింది. ఎవరికీ గుర్తు లేదు.

ముందు అయ్యవారి చెవికే తెలిసింది. పిల్లలు చెడుగుడు ఆడుతుంటే ఒక్కచోట అడుగుల చప్పుడు మారేది, కింద నుంచి ఎవరో మూత తడుతున్నట్టు. మేకలు అటు పోయేవి కావు. గాలి లేని మధ్యాహ్నం కూడా అక్కడ ఇసుక సన్నగా జారేది.

ఒకరోజు ఈ రాస్తున్న పిల్లే ఆడుతూ ఆడుతూ అక్కడి ఇసుకలోకి నడుము దాకా దిగిపోయింది. అరవలేదు. "కింద చల్లగా ఉండాది అయ్యోరా" అని నవ్విందట. ఆయన బోర్లా పడుకుని, కండువా విసిరి లాగారు.

పూడ్పించమని పెద్దలను అడిగారు. "నీళ్లిచ్చిన తల్లి నోట్లో మన్ను కొట్టమంటారా అయ్యోరా?" అని మా బావగారు గద్దించారు. "పిల్ల పోతే నువ్వు తెచ్చిస్తావా బావా?" అన్నాను. ఆడదాని మాట ఎవరు విన్నారు!

ఇక ఆయనే చుట్టూ ముళ్లకంప నాటారు. రోజూ గంట కొట్టకముందు చెప్పులు విడిచి, స్థలమంతా కర్రతో తట్టుకుంటూ తిరిగేవారు. "ఈ నేలకు ఎన్ని నోళ్లుండాయో అది చెప్పదమ్మా, మనమే అడగతా ఉండాల" అనేవారు. తట్టి, ఆగి, తల వంచి వినేవారు. అప్పుడాయన ముఖం చూస్తే కింద నుంచి జవాబు వచ్చిందేమో అనిపించేది.

ఆయన పెద్దదినం నాడు బడిలో సంతాపసభ పెట్టారు. వేదికకు చోటు చాలదని బావగారే ఆ కంప పీకించబోయారు. నేను అడ్డం నిలబడ్డాను.

"ముందు పూడ్చు, తర్వాత ఆయన్ని పొగుడుదువు."

"ఆ పాపం నీకెందుకు మే?"

"నాకే రానీ బావా. నీ మునిమనవడు గూడా ఈడే ఆడతాడు."

మొదటి గంప ఇసుక నేనే పోశాను. ఆడవాళ్లంతా గంపలు తెచ్చారు. పొద్దుగూకేసరికి నేల చదునైంది.

తెల్లారి చూస్తే పళ్లెంలా కుంగి ఉంది. మళ్లీ గంపలెత్తాం. ఈసారి బావగారూ ఎత్తారు. పెద్దలారా, అది నిండేదాకా ఒక్క పిల్లను కూడా అటు వదలొద్దు. వరండాలో పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. మేం పోస్తూనే ఉన్నాం. పోసిన ఇసుక అంచుల నుంచి మధ్యకు, చప్పుడు లేకుండా, జారుతూనే ఉంది.