గోడ వెనక పారేసిన మాత్రలు

ఈ మాట ఎన్నేళ్లుగానో నా గొంతులోనే ఉంది. అన్నం తింటున్నా ఉంది, నవ్వుతున్నా ఉంది. బంధువులు నన్ను చూపించి "బిడ్డను కాపాడుకున్న తల్లి" అన్నప్పుడల్లా ఇంకా బరువెక్కేది. తల వంచుకునేదాన్ని. వాళ్లు దాన్ని అణకువ అనుకునేవాళ్లు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే నా నోరు అంత తేలిగ్గా పెగలదు.

మాది బేతంచెర్ల. మా ఆయన బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేస్తాడు. వాళ్లది ఒంటిమిట్ట దగ్గర మగ్గం నేసే కుటుంబం. నేత గిట్టక ఈ ఊరికొస్తూ తల్లిని కూడా వెంట తెచ్చుకున్నాడు. మా అత్త మాటకారి. ఇంట్లో ఆమె గొంతు వినపడకపోతే పక్కింటోళ్లు వచ్చి ఒంట్లో బాగలేదా అని అడిగేవాళ్లు. మాకు ఒక్కతే కూతురు, శైలు.

శైలు రెండో తరగతిలో ఉండగా జ్వరం వస్తూ పోతూ ఉండేది. కడుపు ఎడమ పక్క గట్టిగా ఉబ్బింది. నులిపురుగులనుకున్నాను. కర్నూలులో రక్తపరీక్ష చేయించాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోమని, రక్త క్యాన్సర్ అని చెప్పింది. ఆ తర్వాత ఆమె చెప్పిందేదీ నా చెవిన పడలేదు. మా ఆయన మాత్రం అంతా విన్నాడు. పిల్లల్లో అరుదుగా వచ్చే రకమట. దీనికి తిన్నగా జబ్బు మూలం మీదే పనిచేసే మాత్ర ఉందట. ఇంటికొచ్చాక ఆయన నాకు తనకు తెలిసిన తీరులో చెప్పాడు.

"మిషన్ ఆగకుండా తిరుగుతానే ఉండాది అనుకో. ఈ మాత్ర పోయి ఆ ఒక్క స్విచ్చి ఆపుతాది. మిగతా ఫ్యాక్టరీ జోలికి పోదు."

రోజూ ఒక పసుపుపచ్చ మాత్ర. అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో. దేవుడికి దండం పెట్టుకుని ఇచ్చేదాన్ని. రెండు మూడు నెలలు తిరగకముందే కడుపు వాపు తగ్గింది. జ్వరం మాయమైంది. జుట్టు రాలలేదు, బిడ్డ మంచం పట్టలేదు. బడికి పోయింది. మా అత్తమ్మల కాలంలో ఈ జబ్బొస్తే బిడ్డల మీద ఆశ వదులుకోవాల్సిందేనని ఆస్పత్రిలో ఒక పెద్దాయన అన్నాడు. ఆ మాత్ర కనిపెట్టినవాళ్లు ఏ దేశంలో ఉన్నారో, వాళ్ల పేర్లేమిటో నాకు తెలీదు. వాళ్ల ఇళ్లు చల్లగా ఉండాలని ఇప్పటికీ అనుకుంటాను.

మరి అలాంటి మాత్రను ఎందుకు ఆపాను?

ఈ ప్రశ్న నన్ను నేను అడగని రోజు లేదు. మాత్ర మింగాక శైలుకు వాంతి వచ్చేది. పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బి ఉండేవి. పిక్కలు పట్టేసి ఏడ్చేది. బడిలో పిల్లలు "కప్ప కండ్లు" అని వెక్కిరించారని ఒకరోజు పుస్తకాల సంచి విసిరేసి గోడ మూల కూర్చుంది. అప్పటికి రెండేళ్లు దాటింది. పరీక్షలో జబ్బు జాడ దాదాపు కనపడలేదని, అయినా మాత్ర ఆపొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నేను ఆమె మాటలో మొదటి సగమే తెచ్చుకున్నాను. రెండో సగం ఆస్పత్రిలోనే వదిలేసి వచ్చాను.

మా ఆయన లేకుండా ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి పోయినప్పుడు మాత్రలు ఇంట్లో మరిచిపోయాను. అది నిజంగా మరుపే. అక్కడున్నన్నాళ్లూ శైలు కడుపునిండా తినింది, పిల్లలతో పరుగులు పెట్టింది, కళ్లు తేటగా ఉన్నాయి. తిరిగొచ్చాక మరుపు కాదు. మా ఆయన పనినుంచి రాగానే "మాత్ర ఏసినావా?" అని అడిగి మాత్రల అట్ట చూసేవాడు. అందుకని రోజూ ఒకటి అట్టలోంచి నొక్కి తీసి, గోడ వెనక ఫ్యాక్టరీ నుంచి పారే పాలిష్ బురదలోకి విసిరేదాన్ని. తెల్లటి బురదలో అది మునిగిపోయేది. బిడ్డకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. అంత మేలైన పనిని మొగుడికి తెలియకుండా ఎందుకు చేశాను? తప్పని లోపల ఎక్కడో తెలుసు. తెలిసే చేశాను.

తర్వాతి పరీక్షలో జబ్బు మళ్లీ తల ఎత్తింది.

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది. "మాత్ర ఒక్కరోజు కూడా తప్పలేదు కదా?" అని నన్నే అడిగింది. తప్పలేదన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! వేరే ఆకుమందులేమైనా ఇచ్చారా, కొన్ని ఈ మాత్రను సరిగ్గా పనిచేయనివ్వవు అని మళ్లీ అడిగింది. మాతో వచ్చిన మా అత్త దాచుకోకుండా చెప్పింది. దగ్గొచ్చినప్పుడు ఊర్లో ఎవరో ఇచ్చిన ఆకుల కషాయం కొన్నాళ్లు తాపినానని. అదే కారణం అయ్యుండొచ్చు అంది డాక్టరమ్మ. మందు మార్చేముందు, కషాయాలు మానిపించి ఇదే మాత్ర కొన్నాళ్లు చూద్దామంది.

మా ఆయన అక్కడే, అందరి ముందు తల్లి మీద విరుచుకుపడ్డాడు. "నా బిడ్డను సంపుతాండావు కదమ్మా!" అన్నాడు. ఆమె మొహం పాలిపోయింది. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట నేను అనలేదు.

ఆ వారంలోనే ఆమెను మా మరిది దగ్గరికి పంపేశాడు. రైలెక్కించడానికి నేనే పోయాను. స్టేషన్లో, బండలు దించిన లారీల దుమ్ము ఇంకా గాల్లో ఉండగానే, నేను ఏడవడం మొదలుపెట్టాను.

"అత్తా, నేను ఆయనకు చెప్తా."

"ఏం జెప్తావు? మాత్రలు పారేసినానని జెప్తావా?"

ఏడుపు ఆపి ఆమె వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"గోడ ఎనక బురదలో జూసినా. పచ్చగా కనపడ్నాయి."

"మరి నన్ను ఎందుకు అడగలేదు?"

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "పాప బాగా తింటాండె. నవ్వుతాండె. నాకూ సంతోషమాయె. అందుకే నోరు మూసుకున్యా. నీది ఒక్కదానిదే తప్పు గాదు అమ్మీ."

"అట్లయితే ఇద్దరం పోయి చెప్దాం అత్తా."

"చెప్తే వాడు ఇంగ నిన్ను నమ్ముతాడా? పాప నీ చేత్తో తప్ప మాత్ర మింగదు. నేను ముసల్దాన్ని, యాడున్నా బతుకుతా. నువ్వు మాత్రం ఒక్కరోజు తప్పకుండా ఇయ్యి. కండ్లు ఉబ్బినా ఇయ్యి, ఏడ్చినా ఇయ్యి."

రైలొచ్చింది. ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు, సంచి సర్దుకుంటూ ఉండిపోయింది.

ఆ రోజునుంచి నేను ఒక్క మాత్ర తప్పలేదు. వాంతులకు, పిక్కల నొప్పికి ఏం చేయాలో డాక్టరమ్మను అడిగితే సులువైన దారులే చెప్పింది. ముందే అడిగుంటే సరిపోయేది. నెలలు గడిచేకొద్దీ జబ్బు మళ్లీ అణిగింది. శైలు పెరిగింది. ఈడు పిల్లలకంటే కాస్త పొట్టి, అంతే. ఇప్పుడు కడపలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మాత్ర తనే వేసుకుంటుంది. దాని నవ్వు ఫోన్లో విన్న ప్రతిసారీ నా ఒళ్లు కృతజ్ఞతతో నిండిపోతుంది. ఆ వెంటే మా అత్త గుర్తొస్తుంది.

ఒక ఉగాదికి ఆమె ఓళిగలు చేసి తెచ్చింది. శైలు చెయ్యి చాచింది. మా ఆయన ఆ గిన్నె పక్కకు లాగి, "ఇందులో ఏం గలిపినావు?" అన్నాడు. ఇంటినిండా చుట్టాలు. ఆమె నవ్వి, ఒకటి తుంచి ముందు తను తిని, తర్వాత మనవరాలికి ఇచ్చింది. నేను వంటింటి గడప దగ్గర నిలబడి చూశాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా. బిడ్డ కోలుకుంది, మాత్రకు ఇక ఢోకా లేదు. ఆమె చెప్పిన కారణం తీరిపోయింది. మిగిలిందల్లా నా భయమే. మంచి తల్లి అన్న పేరు పోతుందన్న భయం. కొన్నేళ్లకు ఆమె కన్నుమూసింది కూడా ఆ నిందతోనే.

పోయిన నెల డోన్ నుంచి ఒక జంట మా ఇంటికొచ్చింది. వాళ్ల చిన్నపాపకు ఇదే జబ్బు, ఇదే మాత్ర. ధైర్యం చెప్పించుకుందామని వచ్చారు. మా ఆయన అన్నీ వివరంగా చెప్పాడు. చివర్లో, "ఇంట్లో పెద్దోళ్లను కనిపెట్టి ఉండప్పా. మా యమ్మ జేసిన పనికి నా బిడ్డ పోవాల్సింది" అన్నాడు. ఆ పాప తల్లి తల ఎత్తలేదు. కొంగు అంచు వేలికి చుడుతూ కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు తెలుసు.

కాఫీ కలుపుదాం రమ్మని వంటింట్లోకి పిలిచాను. "మాత్ర ఆపినావా?" అని అడిగాను. ఏడ్చేసింది. పాప వాంతులు చూడలేక అప్పుడప్పుడూ మానేస్తున్నానంది. "నేనూ ఆపినా తల్లీ" అన్నాను. పైకి అన్నది అదే మొదటిసారి. జరిగిందంతా చెప్పాను. రేపే డాక్టరమ్మ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పు, ఆమె తిట్టదు, దారి చెప్తుంది అన్నాను. సరేనంది. పోయింది కూడా. పాపకు ఏమీ కాలేదని, మాత్ర సరిగ్గా వేస్తున్నానని నిన్న ఫోన్ చేసింది.

ఆ రోజు వాళ్లు వెళ్లిపోయాక మా ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని తెలుసు.

"శైలుకు జబ్బు తిరగబెట్టింది కషాయం వల్ల గాదు. మాత్రలు నేను పారేసినా."

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఒక్కటే అడిగాడు.

"మా యమ్మకు తెలుసా?"

"తెలుసు."

లేచి పెరట్లోకి పోయాడు. కొళాయి తిప్పి మొహం కడుక్కుంటూ ఉన్నాడు. నీళ్లు పారుతూనే ఉన్నాయి, ఆయన కడుక్కుంటూనే ఉన్నాడు.

అప్పటినుంచి నాతో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. క్షమించమని నేను అడగలేదు. అడగాల్సిన మనిషి లేదు. సెలవులకు శైలు వస్తుంది. దానికీ చెప్పాలి. తన అవ్వ ఎలాంటిదో ఆ పిల్లకు తెలియాలి. విన్నాక నన్ను ఏమనుకుంటుందో తెలీదు.

భయంగానే ఉంది. కానీ మా అత్త పేరు ఇప్పుడు గట్టిగా పలకగలుగుతున్నాను. ఇన్నాళ్లూ ఇంట్లో ఆ పేరు నేను ఎత్తిందే లేదు.