అద్దాలు దించకూడని ప్రయాణం

మా నాన్నకి చిన్నప్పుడే ఎడమ కన్ను పోయింది. మిగిలిన కుడి కంటికి శుక్లం ముదిరింది. దానికి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది కూడా సరిగ్గా తెలంగాణ సమ్మె ఊపందుకున్న రోజుల్లోనే. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు మాత్రం డాక్టరుగారు నాకు వేలు చూపించి మరీ చెప్పారు. కంట్లో దుమ్ము పడకూడదు, చెమట కారకూడదు, తేడా వస్తే చూసుకోడానికి ఇంకో కన్ను లేదు అని. వారం తర్వాత మళ్ళీ తీసుకురమ్మన్నారు.

ఆ రోజు ఒక స్నేహితుడు తన కారులో మమ్మల్ని ఇంట్లో దింపి, మర్నాడు ఊరెళ్ళిపోయాడు. మేముండేది బాచుపల్లిలో. అప్పట్లో మా రోడ్డుని రోడ్డనడం మర్యాద కోసమే. టిప్పరు లారీ ఒకటి పోయిందంటే పది నిమిషాల దాకా ఎదురింటి గేటు కనపడేది కాదు. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. ఆటోకి తలుపులే ఉండవాయె. క్యాబు వాళ్ళకి ఫోను చేస్తే, దారిలో రాస్తారోకో ఉంది సార్, రాలేం అన్నారు. ఇక మిగిలింది మా పాత కారు. దాని ఏసీ వేసవి నుంచీ పడకేసింది. అద్దాలు దించితే దుమ్ము, ఎక్కిస్తే చెమట. నా ఖర్మ.

చూపించలేదా అంటే చూపించాను. ఏ మెకానిక్కు దగ్గరికెళ్ళినా ఒకటే మాట, గ్యాస్ పోయింది. రెండుసార్లు నింపించాను. ఏసీ మీట నొక్కితే ఆయాసం వచ్చినవాడిలా రొప్పేది తప్ప చల్లదనం లేదు. ఇప్పుడు వాళ్ళ షాపుల షట్టర్లు కూడా మూసేశారు. హైటెక్ సిటీలో నా ఉద్యోగమే ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం, నా కారులో తప్పు నేను పట్టలేనా అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి ఫ్యూజులన్నీ పీకి పెట్టాను. ఏసీ రాలేదు సరికదా, రేడియో కూడా పోయింది. మా ఆవిడ పైనించి చూసి, కనీసం హారన్ అయినా ఉంచండి, దారిలో పనికొస్తుంది అంది.

మధ్యలో నాన్న. నల్ల కళ్ళజోడు పెట్టుకుని మెట్ల మీద కూర్చుని, అద్దాలు దించేసుకుని పోదాంలేరా, నేను కన్ను మూసుకుంటాగా అంటాడు. అదేదో గాలివాన వస్తే గొడుగు వేసుకుందాం అన్నంత తేలిగ్గా. నాకు ఒళ్ళు మండిపోయింది.

కింద వాటాలో ఒకాయన ఉండేవారు. మియాపూర్ డిపోలో బస్సుల మెకానిక్కు. నల్లగొండ వైపు మనిషి. సమ్మెలో ఉన్నారు కాబట్టి పొద్దున టెంటులో కూర్చుని నినాదాలిచ్చి, మధ్యాహ్నానికి గొంతు బొంగురు పోయి ఇల్లు చేరేవారు. ఆయన్ని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మాది ఒంగోలు వైపు, కారు నంబరు కూడా అక్కడిదే. నేను ఫ్యూజులతో కుస్తీ పట్టడం రెండ్రోజులు చూసి, మూడోనాడు ఆయనే స్క్రూడ్రైవరు పట్టుకొచ్చారు. నేను నసిగాను, అన్నా, మీరేమో ఉద్యమంలో, నేనేమో అక్కణ్ణించి వచ్చినవాణ్ణి అని.

"నీ బండికి ఉద్యమానికి ఏం సంబంధం? మా రాష్ట్రం మాకు గావాలె, గంతే. జర ఆ టార్చి పట్టు" అన్నారు.

ఆయన గ్యాస్ ఊసే ఎత్తలేదు. ముందు సీటు ఎదురుగా కాగితాలు పెట్టుకునే అర ఊడదీసి, దాని వెనక గాలి తోసే ఫ్యానుని కిందికి దించారు. దించడమేమిటి, కారు నేల మీద జలజలా గోధుమరంగు పొట్టు రాలింది. ఆయనకి ఒకటే తుమ్ములు. లోపల టార్చి వేస్తే కూలింగ్ కాయిలు కనిపించలేదు, తడిసి అట్టకట్టిన ఆకులు కనిపించాయి. పొగాకు! బయట ముందు అద్దం కింద గాలి లోపలికి పోయే సందులో కాడలు ఇంకా ఇరుక్కునే ఉన్నాయి. అద్దాలెక్కించుకుని ఏసీ పెట్టి ఉంటే ఆ నలుసంతా సూటిగా నాన్న కంట్లోకే కొట్టేది.

నేను వాచ్‌మన్‌ని పిలిచి నోటికొచ్చినట్టు తిట్టాను. నీ పనేనా, ఎవణ్ణి రానిచ్చావు అని. వాడు బిక్కమొహం వేశాడు.

"వాణ్ణి తిట్టకురా. నేనే పెట్టా" అన్నాడు నాన్న మెట్ల మీంచి.

ఎలుకలు వైర్లు కొరక్కుండానట. పొగాకు పండించిన మనిషి, ఊరినుంచి వచ్చినప్పుడు తెచ్చుకున్న ఆకు. ఎలుకలకైతే ఇంజను పక్కన పెట్టాలి గాని, గాలి పోయే సందులో కూరతారా అని అరిచాను.

"ఇంజను పక్కనే అనుకున్నాన్రా. చేత్తో తడిమి పెట్టా."

తడమడమేంటి, ఎప్పుడు పెట్టావు అన్నాను. ఉగాదికి ముందు అన్నాడు. కన్ను మసకగా ఉందని ఆయన మాతో చెప్పింది వినాయక చవితికి ముందు. మరి రోజూ పొద్దున్నే పేపరు చదివేవాడివి కదా నాన్నా అన్నాను.

"పట్టుకుని కూచునేవాణ్ణి. టీవీలో విన్నవే మీకు చెప్పేవాణ్ణి. ఉన్నదొక్కటి, కొయ్యనిస్తే అదీ పోతుందేమోనని."

ఆర్నెల్లు. రెండు గదుల ఇల్లు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకుంటే నవ్వాను. కాఫీ ఒలికితే విసుక్కున్నాను. ప్రపంచంలో వాళ్ళ తప్పులన్నీ పట్టే మొనగాణ్ణి నేను. కిందింటాయన ఏమీ ఎరగనట్టు తల కారులో దూర్చి, పెద్దాయనా, జర పైకి పో, నలుసు లేస్తది అని నాన్నని పంపించేశారు. తర్వాత ఇద్దరం చీకటిపడే దాకా బ్రష్షుతో, తడిగుడ్డతో ఆ కాయిలు కడిగాం. ఏసీ చల్లగా వచ్చింది. నాకు సంతోషం కలగలేదు.

వారానికి అద్దాలెక్కించుకుని ఆసుపత్రికి వెళ్ళాం. మా ముందు ముగ్గురున్నారు, అందరూ గోడకున్న బోర్డు మీది అక్షరాలే గట్టిగా చదువుతున్నారు. నాన్న వంతు వచ్చింది. పై వరస నుంచి కింది వరస దాకా తడుముకోకుండా గడగడా చదివేశాడు. డాక్టరుగారు భేష్ అన్నారు. పేపరు వార్తలూ ఇలాగే విని అప్పజెప్పేవాడు మాకు.

"డాక్టరుగారూ, ఆ బోర్డు మార్చి చదివించండి" అన్నాను.

నాన్న మొహం ముడుచుకున్నాడు. డాక్టరుగారు నన్ను వింతగా చూసి, ఇంకో అట్ట తగిలించారు. ఈసారి నాన్న మెడ ముందుకు చాచి, ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి, కూడబలుక్కుంటూ చదివాడు. చివరి వరసలో రెండు తప్పు చదివాడు. ఆ రెండు తప్పులూ వినేసరికి నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.