టిచ్ బటన్ల కేపు

పటాన్‌చెరు దగ్గర మా ప్లాంటు కట్టే రోజుల్లో వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు కుటుంబం, తిరిగి ఇంగ్లండుకు పోతూ తమ పిల్లల కామిక్ పత్రికల కట్టలను మా టౌన్‌షిప్ లైబ్రరీకి వదిలివెళ్లింది. అందులో ఒక సూపర్ హీరో కథ వారం వారం సాగేది. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం మాది. భానూర్ పక్క పల్లె నుంచి మా బడికే వచ్చే రైతుల పిల్లవాడు నా బెంచీ మిత్రుడు. ఇంగ్లిషు ఇద్దరికీ అంతంతమాత్రమే కనుక మేము కథ కంటే బొమ్మలనే ఎక్కువ చదివాము. ఆ పత్రిక ఉన్నట్టుండి మూతపడటం వల్ల కథ ఎలా ముగిసిందో ఎవరికీ తెలియదు.

హీరో వేషం ఇది: బూడిద రంగు సూటు, ఎడమ భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా తెల్లని పట్టీ, భుజాల నుంచి మడమల దాకా వేలాడే గోధుమ రంగు కేపు. చిత్రకారుడు ప్రతి బొమ్మలోనూ మోకాళ్ల దగ్గర, మోచేతుల దగ్గర ముడతలు గీసేవాడు. తక్కిన హీరోల బట్టలు ఒంటికి రంగు పూసినట్టుంటే, ఇతనివి మాత్రం వేసుకుని పని చేసిన బట్టలు. షిఫ్టు దిగి వచ్చే మా నాన్న ప్యాంటు మీద కూడా సరిగ్గా ఆ చోట్లనే ముడతలుండేవి. అతన్ని మేము ఇష్టపడటానికి ఇంతకు మించిన కారణం వెతకనవసరం లేదు.

నేను ఒక కార్ఖానాలో తనిఖీ విభాగంలో చేరి అక్కడే నడివయసు దాటాను. మిత్రుడు దర్జీ అయ్యాడు. పాశమైలారం పోయే రోడ్డు మీద రెండు షట్టర్ల దుకాణం పెట్టి, చుట్టుపక్కల ఫ్యాక్టరీల యూనిఫారాలూ బాయిలర్ సూట్లూ ఇన్నేళ్లూ అతనే కుట్టాడు. ఇప్పుడవి రెడీమేడ్‌గా లారీల్లో దిగుతున్నాయి. మిషన్లలో సగానికి పైగా గుడ్డ కప్పి ఉంటోంది. కిరాయి పెంచుతానన్న షట్టర్ల యజమానికి, ఉంటానో ఖాళీ చేస్తానో నెలాఖరుకు చెబుతానని మిత్రుడు మాటిచ్చాడు. ఖాళీ చేస్తే, ఆ రెడీమేడ్ బట్టలు కుట్టే షెడ్డులోనే కూలికి కూర్చోవాలి.

ఆ రోజుల్లోనే మా కామిక్ మళ్లీ పెద్ద పుస్తకంగా అచ్చయింది. ఎక్కడెక్కడి అభిమానులో పాత పుటలను తిరగేస్తూ, ఆ పట్టీ ఎందుకు, ఆ రంగు ఎందుకు అని వాదులాడుకుంటున్నారు. హైదరాబాదులోని ఒక అభిమానుల బృందం ప్రదర్శన పెడుతూ, మూల చిత్రాలకు అచ్చంగా సరిపోయే వేషం ఎవరు కుట్టి తెస్తే వారికే తమ సభ్యుల వేషాలన్నీ కుట్టే పని ఇస్తామని ప్రకటించింది. నేను ఆ సంగతి మిత్రుడికి చెప్పాను. అతను లేచి, ఒక మిషను మీది గుడ్డ తీసి మడతపెట్టాడు.

నాలుగు ఆదివారాలు దుకాణంలో కూర్చున్నాము. పనిదినాల్లో కొలిచి కొలిచి అలసిన కళ్లతోనే స్కేలూ భూతద్దమూ పట్టుకుని, తల పొడవుకు కేపు పొడవు ఎన్ని రెట్లో బొమ్మ బొమ్మకూ రాసుకున్నాను. చిత్రకారుడు ఒక్కో వారం ఒక్కో పొడవు గీశాడు. నేను సగటు తీశాను.

“మనిషికి కుడ్తున్నమా, లెక్కకు కుడ్తున్నమారా?” అన్నాడు మిత్రుడు.

అతని భార్య టీ గ్లాసులు మా మధ్య పెడుతూ, “గీయన నడుము కొలత గూడ జెర సగటు తియ్యన్నా, పెండ్లినాటి నుంచి” అంది. అతను నవ్వలేదు. అప్పటికే వీపు నొప్పితో గోడకు ఒరిగి ఉన్నాడు.

పని మాత్రం చక్కగా వచ్చింది. పట్టీ ఏటవాలు సరిపోయింది. మోకాళ్ల ముడతలు నిలబడటానికి లోపల సన్నని మడతలు వేసి కుట్టాడు. నేను ఒక్కో అతుకునూ తనిఖీ చేసి, దేనికీ వంక పెట్టలేక డైరీలో ‘సరి’ అని రాసుకున్నాను.

ప్రదర్శనకు బస్సులో వెళ్లాము, ఒళ్లో సంచితో. నిర్వాహకుల్లో ఒక అమ్మాయి వేషాన్ని నిలువు బొమ్మకు తొడిగి చాలా మెచ్చుకుంది. ముడతలు చూసి తన స్నేహితులను పిలిచింది. తర్వాత కేపు వంకరగా ఉందని సర్దడానికి కొంచెం లాగింది. కేపు మొత్తం టపటపమని ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.

కాలరు కింద టిచ్ బటన్లు. మిత్రుడు వాటిని ఎవరికీ తెలియకుండా పెట్టలేదు. అవి ఉండటంలో చెప్పవలసిందేమైనా ఉందని అతనికి తోచలేదు. ఫ్యాక్టరీలో తిరిగే యంత్రాల షాఫ్టుల దగ్గర వేలాడే గుడ్డ ఉండకూడదు, ఉంటే లాగగానే విడిపోవాలి. జీవితమంతా ఆ నియమానికే బట్టలు కుట్టిన చేయి, కేపుకూ అలాగే కుట్టింది. నేనూ ఆ బటన్లను చూశాను, లెక్కపెట్టాను, అవి వరుసలో ఉన్నాయని సంతోషించాను కూడా. నా మెడలోని గుర్తింపు కార్డు తాడు సైతం లాగితే విడిపోయేదే. భుజానికి వేలాడే గుడ్డ ఊడిరాకుండా ఉండటమే మా ఇద్దరికీ వింత.

అమ్మాయి ఇబ్బంది పడుతూ కొత్త పుస్తకం తెరిచింది. శత్రువు కేపు పట్టుకుని హీరోను వంతెన మీద ఈడ్చుకుపోయే ఘట్టం. చిన్నప్పుడు మేము వందసార్లు చూసిన పుటే. “అంకుల్, కేపు ఊడిపోతే ఈ కథే లేదు కదా. సాయంత్రంలోగా కుట్టేయండి, మావాళ్లకు నేను చెబుతాను” అంది.

మిత్రుడు చొక్కా జేబులోంచి సూదీ దారమూ తీశాడు. హాలు మూలన కుర్చీలో కూర్చుని, బటన్లు విప్పి, కేపును కాలరుకు రెండు వరుసల్లో గట్టిగా కుట్టాడు. పక్కనే పెద్ద స్టాండు ఫ్యాను తిరుగుతుంటే, కుడుతున్నంతసేపూ కేపు అంచును కాలి కింద తొక్కిపెట్టే ఉంచాడు. సాయంత్రం పని అతనికే ఇస్తున్నామని చెప్పారు. పన్నెండు వేషాలు. నేను అతని చేయి పట్టుకుని ఊపాను.

తిరుగు బస్సు చందానగర్ దాటాక అతను నా వైపు తిరిగాడు.

“నిలువు బొమ్మకు గాబట్టి కుట్టిన. పన్నెండు మంది పిల్లలు అవేస్కొని మెట్రో ఎక్కుతరు, బండ్లు నడుపుతరు. బండి చక్రంల పడితే?”

“వాళ్లు అడిగిందే కదరా కుట్టేది. షట్టర్ల సంగతి చూసుకో ముందు.”

“సూస్కునే చెప్తున్న.”

అతను బస్సులోంచే అమ్మాయికి ఫోను చేశాడు. వేసుకుని తిరిగే కేపులకు టిచ్ బటన్లే పెడతానని, కాలరు కింద బయటికి కనబడవని, వద్దనుకుంటే వేరేవాళ్లను చూసుకోమని నెమ్మదిగా చెప్పాడు. ఆమె అందరినీ అడిగి చెబుతానంది. ఫోను పెట్టేసి కళ్లు మూసుకున్నాడు. పటాన్‌చెరులో దిగేటప్పుడు నేనే తట్టి లేపాను.

జవాబు రెండు రోజులకు వచ్చింది. నలుగురు సరేనన్నారు. తక్కినవారు అచ్చమైన వేషమే కావాలని వేరే దర్జీని చూసుకున్నారు. నాలుగు వేషాలు రెండు షట్టర్లకు చాలవు. అతని భార్య ఆ సంగతి విని, “ఒక షట్టరన్న మిగిలింది, ఇగ నడువుండ్రి, మిషన్లు జరుపుదాం” అంది. నెలాఖరున ఒక షట్టరు యజమానికి అప్పగించాడు. మిషన్లను పక్క షట్టరులోకి మోయడానికి నేనూ వెళ్లాను. మా ఇద్దరి నడుములూ ఆ వయసు దాటిపోయాయని మొదటి మిషనుకే తెలిసింది. పట్టని వాటిని పాత సామాను బండికి ఇచ్చేశాము.

ప్రదర్శన ముగిశాక మా వేషం తిరిగి వచ్చింది. అతను బ్లేడుతో ఆ రెండు వరుసల కుట్టూ విప్పి, బటన్లు మళ్లీ పెట్టి, బాయిలర్ సూట్ల పక్కన మేకుకు తగిలించాడు. మొన్న నేను అక్కడ ఉండగా ఒక బీహారు కార్మికుడు షిఫ్టు దిగి, చిరిగిన ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చి, ఆ వేషాన్ని చాలాసేపు చూశాడు. తెల్లపట్టీని వేలితో తడిమి, ఇది ఏ కంపెనీ యూనిఫారమని హిందీలో అడిగాడు.

మిత్రుడు మిషను ఆపకుండానే జవాబిచ్చాడు.

“వో కంపెనీ బంద్ హోగయీ, భాయ్.”